ఊదా అంచు

మా తమ్ముడికి ముక్కు మీద ఉంటుంది కోపం. నాకు నాలుక మీద. ఒక తల్లి కడుపున పుట్టి ఇద్దరం చెరొక చోట పెట్టుకున్నాం. నా నాలుక సంగతి వీధిలో ఎవరినడిగినా చెబుతారు. వాడి కోపం మా ఇంటికి ఏం చేసిందో మాత్రం నేనే చెప్పాలి.

వాడు లెన్సులు చేస్తాడు. కళ్ళజోళ్ళవి కాదు, దూరం చూసే గొట్టాలవి. భూములు కొలిచేవాళ్ళు, ఓడల మీద పనిచేసేవాళ్ళు, పక్షుల వెంట పడి తిరిగేవాళ్ళు, నక్షత్రాల పిచ్చి పట్టినవాళ్ళు, అందరూ మా కొట్టుకే వచ్చేవారు. ముందు గదిలో నేను కూర్చుంటాను. వెనక గదిలో వాడు తారు పూసిన దిమ్మె మీద గాజు పెట్టి, ఎర్రపొడి నీళ్ళలో కలిపి, పొద్దస్తమానం రుద్దుతూ ఉంటాడు.

ఈ పనిలో అసలు తంటా రంగుతోనే. గాజు ఒక్కటే అయితే తెల్లటి వెలుగును ఉన్నదున్నట్టు పోనివ్వదు, విడగొడుతుంది. ఎరుపు ఒక చోట పడుతుంది, నీలం ఇంకో చోట పడుతుంది. చూసేవాడికి ప్రతి వస్తువు అంచునా రంగు కారినట్టుంటుంది. అందుకని రెండు రకాల గాజులు తీసుకుని, ఒకటి ఉబ్బెత్తుగా, ఒకటి లోతుగా రుద్ది, రెంటినీ అతికిస్తారు. మొదటిది చెదరగొట్టిన రంగుల్ని రెండోది కూడగట్టుకొస్తుంది, ఇంట్లో ఒకరు పారేస్తే ఒకరు ఏరుకొచ్చినట్టు. అతికించే పని నాది. జిగురు వెచ్చజేసి, ఒక్క బుడగ కూడా చిక్కకుండా గాజు మీద గాజు కూర్చోబెట్టడం నాకు తప్ప మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఈ ఒక్క విషయంలోనే మా తమ్ముడు నాకు ఎదురు చెప్పడు.

పరీక్ష చేయడానికి మాకు యంత్రాలేం లేవు. వెనక కిటికీలోంచి చూస్తే ఎదుటి మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని వెనక అంతా ఆకాశమే. గొట్టానికి లెన్సు బిగించి ఆ కడ్డీని చూడాలి. అంచు నల్లగా, శుభ్రంగా ఉంటే పాసు. అంచు చుట్టూ ఊదా రంగు పొగలా పట్టుకుని ఉంటే ఆ గాజు మళ్ళీ దిమ్మె మీదికి. తీర్పు చెప్పేది మా తమ్ముడి కన్ను. బజారులో మిగతా లెన్సు కొట్లవాళ్ళు కూడా అనుమానం వస్తే వాడి దగ్గరికే తెచ్చేవారు. వాడు బాగుందంటే ఇక ఎవరూ మళ్ళీ చూసేవారు కాదు.

వాడికి ఒక్కతే కూతురు. మా మరదలు ఆ పిల్లని నా ఒళ్ళో పెట్టి తొందరగానే కన్నుమూసింది. పెంచింది నేను, పని నేర్పింది వాడు. చిన్నప్పుడొకసారి, వాడు పాసు చేసిన గాజు మీద వెంట్రుక కన్నా సన్నటి గీత ఉందని అది వేలు పెట్టి చూపించింది. వీపు పగులుతుందిరా దేవుడా అనుకున్నాను. వాడు దాన్ని భుజాన ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. "నా కూతురివి సూదికళ్ళు" అని కనబడినవాడికల్లా చెప్పాడు. అప్పట్నుంచి దాని పేరు సూది. బడిలో రాయించిన పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

చదువయ్యాక వచ్చి వాడి పక్కనే బల్ల దగ్గర కూర్చుంది. ఆ రోజులు మా ఇంట్లో మంచి రోజులు. తండ్రీకూతుళ్ళకి తిండి ధ్యాస ఉండేది కాదు, పిలిచి పిలిచి నా గొంతు అరిగిపోయేది. ఇద్దరూ ఒక గాజు ముక్క మీద తలలు వంచి గొణుక్కుంటూ ఉంటే, ఏం రహస్యాలురా నాకు చెప్పకుండా అని తిట్టేదాన్ని. లోపల మాత్రం కడుపు నిండిపోయేది.

ఇలా ఉండగా గాజు వచ్చే చోట సరుకు మారింది. కొత్త గాజు చూడ్డానికి పాతదానిలాగే ఉంది, బరువూ అంతే ఉంది. వాడు పాత లెక్క ప్రకారమే రుద్దాడు. నేను అతికించాను. పిల్ల కిటికీ దగ్గర గొట్టం పెట్టి చూసింది.

"నాన్నా, కడ్డీ చుట్టూ ఊదా ఉంది."

"ఏదీ?" వాడు వెళ్ళి చూశాడు. "ఎక్కడే? కడిగిన ముత్యంలా ఉంటేనూ."

"ఉంది నాన్నా. వంగపండు రంగు. బాగా తెలుస్తోంది."

నన్ను పిలిచారు. నేను వాడికన్నా పెద్దదాన్ని, నా కళ్ళేం కొత్తవా? అయినా చూశాను. "నాకు కడ్డీ కనబడుతోంది, దాని మీద కాకి రెట్ట కూడా కనబడుతోంది. ఊదా మాత్రం ఆనలేదు. కానీ అది లేత కన్నురా. ఈ ఒక్కసారికి దాని మాట విని మళ్ళీ రుద్దు" అన్నాను.

"నువ్వు జిగురు చూసుకో అక్కా" అన్నాడు.

మా తమ్ముడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు ఎదురుగా నిలబడి తన్నినా ఒప్పుకోడు. తరవాతి లెన్సులోనూ పిల్ల ఊదా ఉందంది. ఆ తరవాతిదానిలోనూ అంది. మొదట్లో వాడు నవ్వి ఊరుకునేవాడు. తరవాత విననట్టుండేవాడు. చివరికి ఒకరోజు బల్ల మీద చేయి చరిచి లేచాడు.

"నీ కంట్లోనే ఏదో తేడా ఉంది. పద, డాక్టరుకి చూపిద్దాం."

నేనూ వెంట వెళ్ళాను. కంటి డాక్టరమ్మ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, దీపాలు వేసి, అక్షరాలు చదివించి, రంగు చుక్కల బొమ్మలన్నీ చూపించింది. "ఈ అమ్మాయి కళ్ళకేమండీ, లక్షణంగా ఉన్నాయి" అంది. వాడి ముఖం చూసి, "పోనీ పెద్దాయనా, వచ్చారు కదా, మీరూ ఒకసారి కూర్చోండి, చూస్తాను" అని కూడా అంది.

"ఈ కళ్ళతోనే అన్నం తింటున్నానమ్మా. వీటికేం కాలేదు" అని వాడు గుమ్మం దాటాడు. దారి పొడవునా, డాక్టర్లకి జబ్బులు తెలుస్తాయి గానీ లెన్సులేం తెలుస్తాయని గొణుగుతూనే ఉన్నాడు. పిల్ల వెనక నా చేయి పట్టుకుని నడిచింది. అంత పెద్ద పిల్ల నా చేయి పట్టుకుని చాలా ఏళ్ళయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నక్షత్రాల పిచ్చివాళ్ళు కొందరు కలిసి ఒక పెద్ద లెన్సు చేయించుకున్నారు. దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున కొట్టు నిండా జనమే. మూలకొట్టాయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయనా లెన్సులవాడే, మా తమ్ముడి ఈడువాడు. పిల్ల డబ్బా చేతికి ఇవ్వబోయి ఆగింది.

"ఇందులో ఊదా ఉందండీ. తెల్లటి నక్షత్రాన్ని చూస్తే చుట్టూ వెలుగు కట్టుకుంటుంది. కొన్నాళ్ళు ఆగగలిగితే సరిచేసి ఇస్తాం."

మా తమ్ముడు వెనక గదిలోంచి వచ్చాడు. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి.

"దాని మాట పట్టించుకోకండి. దాని కంట్లో దోషం ఉంది, లేని రంగులు చూస్తుంది. కన్నవాణ్ణి కాబట్టి బల్ల దగ్గర కూర్చోనిస్తున్నాను."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. వాడి నోరు పదిమందిలో జారింది. పిల్ల డబ్బా వాళ్ళ చేతిలో పెట్టి, చేతులు తుడుచుకుని, ముందు కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకు తగిలించి బయటికి నడిచింది. ఒక్క మాట అనలేదు. మా వంశంలో మాట అనకుండా గుమ్మం దాటినవాళ్ళు లేరు. నాలుగు తిట్లు తిట్టి పోయుంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

అది పని కోసం ముందు మూలకొట్టుకే వెళ్ళింది. ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "అమ్మా, నీ చేతి పని నాకు తెలియనిదా? కానీ మీ నాన్న నోటితోనే విన్నానే. ఆయనే కన్ను బాగోలేదన్నాక నేను నిన్ను పరీక్షకు కూర్చోబెడితే నా సరుకు ఎవరు కొంటారు?" అన్నాడట. మిగతా కొట్లలోనూ అదే మాట. మా తమ్ముడి మాటకు ఆ బజారులో అంత విలువ. ఆ విలువే దాని కొంప ముంచింది.

చివరికి ఊరి ఆ చివర ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కంపెనీలో చేరింది. అక్కడే ఒక గది తీసుకుంది. వేడి రోలరు కింద నుంచి దుప్పటి వస్తుంటే ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని మడవాలి. గాజు మీద వేలు ఆనించి ఎక్కడ ఎత్తుందో చెప్పగలిగిన పిల్ల, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా దుప్పట్లు మడిచేది. సెలవు రోజున, వాళ్ళ నాన్న కునుకు తీసే వేళ చూసి వచ్చి నన్ను పలకరించి పోయేది. వాడు లేచి, "ఎవరొచ్చారు?" అనేవాడు. "నీకెందుకు? నీకు కనబడనిదేదో వచ్చి పోయింది" అనేదాన్ని. నిజానికి ఆ మాట నేను కచ్చకొద్దీ అన్నదే, అందులో ఎంత నిజముందో నాకప్పుడు తెలియదు.

ఏళ్ళు గడిచాయి. కొనేవాళ్ళు తగ్గారు. కుర్రవాళ్ళు వచ్చి ఒకసారి గొట్టంలో చూసి, మళ్ళీ వస్తామని చెప్పి, మళ్ళీ వచ్చేవారు కాదు. కాలం మారిందని మా తమ్ముడు కాలాన్ని తిట్టేవాడు. ఈలోగా వాడికి చూపు మసకబారింది. కప్పులో పోయాల్సిన టీ సాసరులో పోసుకుంటున్నాడు. "వీటికేం కాలేదంటావుగా, మరి సాసరుకు దాహం వేసిందా?" అని రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను.

ఆవిడ దీపం పట్టి రెండు కళ్ళూ చూసి, దీపం ఆర్పి పక్కన పెట్టింది.

"పెద్దాయనా, శుక్లం బాగా ముదిరిపోయింది. ఇవాళ్టిది కాదిది, ఎన్నో ఏళ్ళ నుంచి ఉంది. కంటి లోపల అద్దంలా ఉండాల్సింది టీ డికాషన్ రంగుకి తిరిగింది."

"దానివల్ల ఏమవుతుందమ్మా?" అన్నాను.

"మసక సంగతి అటుంచండి, ముందు నీలం, ఊదా రంగులు పోతాయి. కొద్దికొద్దిగా పోతాయి కాబట్టి మనిషికి తెలియదు. ఈ వయసులో చాలామందికి అంతే. మీకూ ఉండే ఉంటుంది."

ఊదా అన్న మాట వినగానే నేను మా తమ్ముడి వైపు తిరిగాను. వాడు తన అరచేతులు చూసుకుంటున్నాడు.

ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. పాత కటకం తీసేసి కొత్తది పెట్టారు. కట్టు విప్పిన రోజున వాడు మొదట నన్నే చూశాడు. "అక్కా, నీ జుట్టు ఇంత తెల్లగా ఉంటుందా?" అన్నాడు. "లక్షలు పోసినా ఇంత తెలుపు రాదు, నోరు మూసుకో" అన్నాను. వాడు నవ్వలేదు. ఒక కన్ను మూసి గోడ చూశాడు, ఇంకో కన్ను మూసి అదే గోడ చూశాడు. డాక్టరమ్మ కోటు చూశాడు. ఇంటికి పోదాం పదమన్నాడు.

చెప్పులు కూడా విప్పకుండా వెనక గదిలోకి వెళ్ళాడు. తను అన్నిటికన్నా బాగా చేశాననుకునే లెన్సు బిగించి కడ్డీని చూశాడు. కొత్త కన్నుతో ఒకసారి, పాత కన్నుతో ఒకసారి, మళ్ళీ కొత్త కన్నుతో. అది తీసి ఇంకోటి పెట్టాడు. అలమారలో ఉన్నవన్నీ ఒకటొకటిగా తీశాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆఖరిది కూడా అయ్యాక గోడకు చేరబడి నేల మీద కూలబడ్డాడు.

"ఉంది అక్కా. అన్నిట్లోనూ ఉంది. కళ్ళు పొడిచేంత ఊదా."

నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఆ వెంటనే వాణ్ణి చంటిపిల్లాడిలా ఒళ్ళోకి తీసుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

"ఇప్పుడే వెళ్తాను దాని దగ్గరికి. వచ్చి బల్ల దగ్గర కూర్చోమంటాను. బల్ల దానిదే, కొట్టు దానిదే. నేను దిమ్మె కడిగి పెడతాను" అన్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఇంత తొందరా? ఒట్టి చేతులతో వెళ్తావా? పదిమందిలో అన్న మాట ముందు పదిమందిలో వెనక్కి తీసుకో. దానికి మళ్ళీ ఈ బజారులో తలెత్తుకునే వీలు కల్పించు. అప్పుడు వెళ్ళి పిలువు" అన్నాను.

ఆ సలహా నాదే. మంచిదనుకునే ఇచ్చాను.

మర్నాడు వాడు ఒక లెన్సు, గొట్టం పట్టుకుని మూలకొట్టుకు బయలుదేరాడు. తోడు నేనూ వెళ్ళాను. ఆ వీధిలోని లెన్సులవాళ్ళు కూడా చేరారు. మా తమ్ముడు నిలబడే చెప్పాడు. తన కంట్లో శుక్లమని చెప్పాడు. కూతురు చూసింది ఉన్న రంగేనని, లేదన్నది తన తప్పని, ఇన్నేళ్ళు తను అమ్మినవన్నీ ఊదా లెన్సులేనని చెప్పాడు. మా తమ్ముడు తప్పు అనే మాట పలకడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి వినడం.

మూలకొట్టాయన గొట్టం తీసుకుని వీధి చివరి స్తంభాన్ని చూశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏదీ అన్నా, శుభ్రంగానే ఉందే."

"సరిగ్గా చూడు. అంచు చుట్టూ."

ఇంకొకాయన చూశాడు. ఆయనకీ శుభ్రంగానే ఉంది. మరొకాయన చూసి, అంచు కత్తిలా ఉందని మెచ్చుకున్నాడు కూడా. మా తమ్ముడు ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. అందరూ వాడి ఈడువాళ్ళే. అందరి కళ్ళూ డికాషనే.

"మీకు కనబడదు. మీకూ శుక్లాలున్నాయి. డాక్టరమ్మకి చూపించుకోండి" అన్నాడు.

మూలకొట్టాయన ముఖం మాడింది. "అన్నా, ఈ కళ్ళతోనే నేను బతుకుతున్నాను. వాటికేం కాలేదు." తరవాత గొంతు తగ్గించి నాతో అన్నాడు, "అక్కగారూ, కూతురి మీద బెంగతో మాట్లాడుతున్నాడు. కన్ను కోయించుకున్న మనిషి, కొన్నాళ్ళు అలా ఏవేవో కనబడతాయి. ఇంటికి తీసుకెళ్ళండి."

కళ్ళు పాడైనప్పుడు వాడి మాట వేదం. కన్ను వచ్చాక వాడి మాట ఎవరికీ పట్టలేదు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా అని అరుద్దామనుకున్నాను. కానీ నేను ఆ గొట్టంలో చూసినా స్తంభం, దాని మీద కాకి రెట్టే కనబడతాయి, నేనేం సాక్ష్యం చెప్పను? వాణ్ణి తీసుకుని బస్సెక్కాను. "పోనీ, అది నమ్మితే చాలు. అది ఒక్కతీ వస్తే చాలు నాకు" అంటున్నాడు దారంతా. నాకూ అదే ఆశ.

పిల్ల గదిలోనే ఉంది. తలుపు తీసి, నాన్నని చూసి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఉన్న ఒక్క కుర్చీలో వాణ్ణి కూర్చోమంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి టీ పెట్టింది. చెప్పకుండానే వాళ్ళ నాన్నకి చక్కెర తక్కువేసింది. చేతులు వేడికి కమిలి, వేళ్ళు లావెక్కి ఉన్నాయి. వాడి కొత్త కన్ను ఆ వేళ్ళ మీదే ఉంది.

వాడు అంతా చెప్పాడు. ఏమీ దాచలేదు. డికాషన్ సంగతి, అలమారలో లెన్సుల సంగతి, బజారులో ఎవరూ నమ్మని సంగతి. లెన్సు తీసి దాని చేతిలో పెట్టాడు.

"నువ్వు చూసింది నిజమమ్మా. ఇదిగో, మళ్ళీ చూడు. నువ్వు చెప్పాలి, నేను వినాలి. తరవాత ఇంటికి పోదాం."

అది లెన్సు తీసుకుని, అంచులు పట్టుకుని, కిటికీ వైపు ఎత్తింది. పట్టుకునే పద్ధతి మరిచిపోలేదు. చాలాసేపు చూసింది. దించి, గుడ్డతో తుడిచి, వాడి ఒళ్ళో పెట్టింది.

"నాకు తెలియడం లేదు నాన్నా."

"కనబడటం లేదా?"

"కనబడుతోంది. ఉందో లేదో తెలియడం లేదు." దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది నాకు. "నువ్వు అలా అన్నాక, ఇక్కడికి వచ్చాక, ప్రతిదాని అంచూ చూసుకునేదాన్ని. తలుపు అంచు, దీపం అంచు, ఎదురొచ్చే మనిషి చెంప. అక్కడ రంగు ఉందా, నా కంట్లో ఉందా అని. చూడగా చూడగా అన్నిటికీ కనబడటం మొదలైంది. పిచ్చెక్కుతుందేమోనని చూడటం మానేశాను. దుప్పట్లయితే తెల్లగా ఉంటాయి, వాటిని మడవడానికి చూడక్కర్లేదు."

"డాక్టరమ్మ అప్పుడే చెప్పింది కదమ్మా, నీ కళ్ళు బాగున్నాయని."

"ఆవిడ బాగున్నాయంది. నువ్వు కాదన్నావు. నాకు చూడటం నేర్పింది నువ్వు కదా నాన్నా. నేనెవర్ని నమ్ముతాను?"

"ఇప్పుడు కూడా నేనే చెబుతున్నాను కదే" అన్నాడు వాడు.

అది వాడి దగ్గరికి వచ్చి కింద కూర్చుంది. వాడి మోకాలి మీద చేయి వేసింది. "చెబుతున్నావు. నాకు నమ్మాలనే ఉంది. నమ్మడం రావట్లేదు" అంది.

నా నాలుక ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని గొడవలు తీర్చిందో లెక్కలేదు. ఆ గదిలో దానికి ఒక్క మాట దొరకలేదు. మేం లేచేటప్పుడు పిల్ల మెట్ల దాకా వచ్చింది. వాడు ఒక మెట్టు దిగి వెనక్కి తిరిగాడు.

"మళ్ళీ రావచ్చా అమ్మా?"

"అదేం మాట నాన్నా? ఆదివారం ఇంట్లోనే ఉంటాను, ఇద్దరూ భోజనానికి రండి." వాడి చొక్కా కాలరు సరిచేసింది. "లెన్సులు మాత్రం తేవద్దు."

"సరేనమ్మా" అన్నాడు మా తమ్ముడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కొంత దూరం పోయాక భుజాలు కదలడం మొదలైంది. ఆపరేషన్ కంటికి తడి తగలనివ్వకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నేను వద్దనలేదు.